ఓసీఐ ఉన్నా పాత పాస్‌పోర్టుల మూట తప్పదా?

సంపాదకుడు గారికి,

గత వారం మీ పత్రికలో వేసవికి స్వదేశం వచ్చే ప్రవాసులకు సూచనలంటూ ఒక వ్యాసం వేశారు. అందులో అమెరికా పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకు ద్వంద్వ పౌరసత్వం ఉన్నట్టు రాశారు. పాత పాస్‌పోర్టు తప్పకుండా వెంట ఉంచుకోవాలని సలహా కూడా ఇచ్చారు. రెండూ తప్పే. సవరణ మీరే వేస్తారేమోనని ఇన్ని రోజులూ చూశాను. వెయ్యలేదు.

మన దేశంలో ద్వంద్వ పౌరసత్వం లేదు. ఇష్టపూర్వకంగా వేరే దేశ పౌరసత్వం తీసుకుంటే 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం మన పౌరసత్వం దానంతటదే పోతుంది. పాస్‌పోర్టు తిరిగి అప్పగించాలి. అలాంటి వాళ్లు వీసా లేకుండా వచ్చిపోవడానికి పెట్టిందే ఓసీఐ, అంటే ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా కార్డు. మొదటి కార్డులు పంచింది 2006 జనవరిలో, మన హైదరాబాద్‌లో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లోనే. అప్పట్లో ఎంత సంబరపడ్డామో! ఓటు ఉండదు, పొలం కొనే వీలుండదు, పోనీ అనుకున్నాం. వీసా కోసం తిరగకుండా వచ్చిపోవచ్చు కదా, అదే చాలనుకున్నాం. ఇప్పుడు ఆ ఒక్క సౌకర్యానికీ దిక్కు లేకుండా పోతోంది.

మా మనవడు అమెరికాలోనే పుట్టాడు కాబట్టి అక్కడి పౌరుడు. వాళ్ల చట్టం ప్రకారం ఆ దేశం దాటాలన్నా, మళ్లీ అడుగు పెట్టాలన్నా అమెరికా పాస్‌పోర్టే చూపాలి. ఇక్కడికి రావడానికి దానికి తోడు ఓసీఐ. పిల్లల పాస్‌పోర్టు అక్కడ అయిదేళ్లకే ఇస్తారు. కొత్తది వచ్చినప్పుడల్లా నంబరు మారుతుంది. ఓసీఐ మీద మాత్రం పాత నంబరే ఉంటుంది, నెలల పిల్లాడప్పటి ఫొటోనే ఉంటుంది. మావాడి ఫొటోలో ఒక కన్ను సగం మూసుకుని ఉంటుంది, తల మీద జుట్టే లేదు. ఇప్పుడు వాడికి పాలపళ్లు ఊడి కొత్తవి వస్తున్నాయి.

క్రితం వేసవిలో మా అమ్మాయి వాణ్ని తీసుకుని బయల్దేరితే, అక్కడి విమానాశ్రయంలో చెకిన్ కౌంటర్ దగ్గరున్నావిడ కార్డునీ వాణ్నీ మార్చి మార్చి చూసింది. నంబరు కలవడం లేదు, పాత పాస్‌పోర్టు చూపిస్తేనే బోర్డింగ్ పాస్ అంది. అదేమో ఇంట్లో ఉంది. సూట్‌కేసులు బెల్టు మీద, పిల్లాడు ట్రాలీ మీద నిద్రలో. మా అల్లుడు కారేసుకుని ఇంటికి పరిగెత్తాడు. కౌంటర్ మూసేలోపు రాగలిగాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే టికెట్ల డబ్బు గంగపాలే. తీరా శంషాబాద్‌లో దిగాక ఇమిగ్రేషన్ అధికారి ఆ పాత పాస్‌పోర్టు ముట్టుకోనైనా లేదు. కొత్తదాని మీద ముద్ర వేసి పంపించారు.

ముట్టుకోనక్కర్లేదు కాబట్టే ముట్టుకోలేదు. పాత పాస్‌పోర్టు వెంట తేవాల్సిన పని లేదని 2021లోనే కేంద్రం చెప్పింది. ఇరవై ఏళ్లలోపు వాళ్లకు పాస్‌పోర్టు మారినప్పుడల్లా కార్డు మార్చే పద్ధతినీ అదే ఏడాది ఎత్తేసింది. కొత్త పాస్‌పోర్టు, కొత్త ఫొటో మూడు నెలల్లో ఆన్‌లైన్‌లో పెడితే చాలు. వాటిని ఆమోదించేదాకా కూడా ప్రయాణానికి అడ్డు లేదని హోం శాఖ స్పష్టంగా చెప్పింది. ఎవరికి చెప్పిందో మరి! ఎయిర్‌లైన్స్ వాళ్లను పూర్తిగా తప్పుపట్టలేం. సరైన కాగితాలు లేనివాళ్లను ఎక్కించుకొస్తే జరిమానా పడేది వాళ్లకే. అందుకని అనుమానం వస్తే ఆపేస్తారు. ఆ అనుమానం తీర్చే సర్క్యులర్ కౌంటర్ల దాకా చేర్చే బాధ్యత ఢిల్లీది కాదా?

ఇక పేర్ల గొడవ చెబితే ఒడవదు. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరుకు ఒక్క అక్షరం. మన పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు. అమెరికా పాస్‌పోర్టులో అత్తింటి పేరు, అదీ చివర్న. ముగ్గురూ ఒకే మనిషని రుజువు చేసుకోవడానికి మా అమ్మాయి పెళ్లి సర్టిఫికెట్, దాని నకళ్లు, నోటరీ అఫిడవిట్ ఒక ఫైల్లో పెట్టుకుని తిరుగుతుంది. తెలుగువాళ్ల ఇంటిపేరు ముందుంటుందన్న సంగతి ఆ దరఖాస్తులు తయారుచేసిన వాళ్లకు ఇన్నేళ్లలో ఒక్కరూ చెప్పలేదు కాబోలు.

అసలు ఈ కార్డును జీవితకాల వీసా అంటారు. 2020 మార్చిలో కరోనా పేరు చెప్పి ఆ జీవితకాలాన్ని ఒక్క ఉత్తర్వుతో ఆపేశారు. తల్లిదండ్రులవి భారత పాస్‌పోర్టులు కాబట్టి, విదేశాల్లో చిక్కుకున్నవాళ్లను తెచ్చే వందే భారత్ విమానం ఎక్కవచ్చట, అక్కడ పుట్టి ఓసీఐ కార్డున్న చంటిపిల్లలు ఎక్కకూడదట! గగ్గోలు పుట్టాక మే నెలాఖర్లో సడలించారు. పాలు తాగే బిడ్డను ఎవరి చేతిలో పెట్టి రమ్మన్నారో ఆ ఉత్తర్వు రాసినాయన చెప్పాలి.

విదేశీ పాస్‌పోర్టు వాళ్ల సంగతి అటుంచండి. ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగిన మన దగ్గర మాత్రం ఏ కాగితం ఉంది? బ్యాంకుకు ఆధార్, గ్యాస్‌కు ఆధార్, సిమ్ కార్డుకు ఆధార్. అది పౌరసత్వానికి రుజువు కాదని 2016 ఆధార్ చట్టంలోనే రాసుకున్నారు. జనన ధ్రువపత్రం తెమ్మంటారు. మా తరంలో పుట్టిన తేదీ అంటే బళ్లో వేసేటప్పుడు హెడ్మాస్టరు గారు వేసిందే. వెనకటికి తాలూకా ఆఫీసులో గుమాస్తా విసుక్కున్నా, ఏ కాగితం కావాలో తేల్చి చెప్పేవాడు. ఇప్పుడు పోర్టల్‌ను అడగమంటారు, పోర్టల్ తెరుచుకోదు.

ప్రవాసుల సభలకు వెళ్లిన మంత్రుల శాలువాల ఫొటోలు మీరు అర పేజీ వేస్తుంటారు. ఒక్క రోజు అందులో సగం జాగాలో ఈ 2021 నిబంధనలు తెలుగులో వెయ్యండి. మొన్నటి వ్యాసానికి సవరణ కూడా అక్కడే, కనపడే అక్షరాల్లో వెయ్యండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి