వార్షిక నివేదిక: చట్టంలో ఒక్క మాట, తెర మీద కత్తెర

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మన అధ్యయన బృందం పని చాలావరకు "ప్రచారం" అన్న ఒక్క మాట చుట్టూ తిరిగింది. స్వలింగ ప్రేమికుల హక్కులకు ఎదురుగా వచ్చిన చట్టాలను పక్కపక్కన పెట్టి చదివాం. రష్యా 2013లో మైనర్లకు చేరే స్వలింగ ప్రేమ "ప్రచారాన్ని" నిషేధించి, 2022 డిసెంబరులో ఆ నిషేధాన్ని పెద్దలకూ వర్తింపజేసింది. హంగరీ 2021లో ఇదే బాట పట్టింది. 2023లో అక్కడ ఒక పుస్తకాల సంస్థకు, ఇద్దరబ్బాయిల ప్రేమ ఉన్న బొమ్మల నవలను కవరు చుట్టకుండా అమ్మినందుకు కోటీ 20 లక్షల ఫోరింట్ల జరిమానా వేశారు. ఉగాండా 2023 చట్టమైతే కొన్ని సందర్భాల్లో మరణశిక్ష దాకా వెళ్లింది. "ప్రోత్సహిస్తే" 20 ఏళ్ల వరకు జైలు.

ఏది ప్రచారం, ఏది కథ అన్న గీత స్పష్టంగా లేనప్పుడు సినిమా పంపిణీదారులు ఎవరూ అడగకముందే కత్తెర పడతారు. ఈ భయాన్ని మించిన సెన్సారు లేదని మా అభిప్రాయం.

సినిమాల్లో ఇలాంటి కోతలు పట్టుకోవడంపై సభ్యులకు శిక్షణ ఇచ్చాం. మొదట ఒకే సినిమాకు రెండు దేశాల్లో వచ్చిన ప్రతుల నిడివి పోల్చాలి. ఇక్కడే చాలామంది పొరబడ్డారు. సెకనుకు 24 ఫ్రేముల సినిమాను 25 ఫ్రేముల వేగంతో నడిపితే 100 నిమిషాలది 96 నిమిషాలకే అయిపోతుంది, ఒక్క దృశ్యం పోకుండానే. కాబట్టి తేడా సినిమా అంతటా సమంగా పరుచుకుందో, ఒక్కచోటే పడిందో చూడాలి. ఒక్కచోటే పడితే అది కోత. తర్వాత సబ్‌టైటిళ్లను అసలు సంభాషణతో సరిచూడాలి, ఎందుకంటే బొమ్మ ముట్టుకోకుండా మాట మార్చడం పాత పద్ధతి. జపాన్ యానిమే (బొమ్మల ధారావాహిక) "సైలర్ మూన్" ఇంగ్లిష్ డబ్బింగ్‌లో ప్రేమికులైన ఇద్దరమ్మాయిలను కజిన్లను చేసేశారు.

నిడివి లెక్కకు అసలు దొరకనిది కొత్త పద్ధతి. 2025లో చైనాలో ఒక విదేశీ హారర్ సినిమాలో, పెళ్లి చేసుకుంటున్న ఇద్దరు మగవాళ్లలో ఒకరి ముఖాన్ని కృత్రిమ మేధతో స్త్రీ ముఖంగా మార్చారు. ఒక్క క్షణం కూడా తగ్గలేదు. ఉన్న మనిషినే చెరిపేసిన ఈ పని మమ్మల్ని తీవ్రంగా కలచివేసింది. దీన్ని పట్టుకోవాలంటే ఫ్రేముకు ఫ్రేము పోల్చడం ఒక్కటే దారి.

వచ్చే ఏడాది కోర్టు తీర్పులు చదువుతాం. నిషేధించిన సినిమాకు 2018లో కెన్యా హైకోర్టు ఏడు రోజుల ప్రదర్శన అనుమతించిన ఉత్తర్వుతో మొదలుపెడతాం.