గాలి నీడ: మన కాలనీ సంక్షేమ సంఘం 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మంచినీటి ట్యాంకును రెండుసార్లు కడిగించాం. మూడో వీధిలో కాలిపోయిన దీపాలు మార్పించాం. జమాఖర్చుల పట్టికను సంఘం గది గోడకు అంటించాం. ఈ పనులన్నీ సాఫీగానే సాగాయి. గాలిమరల విషయంలో మాత్రం ఏళ్ల తరబడి కలిసిమెలిసి ఉన్న రెండు ఇళ్ల మధ్య మాటలు నిలిచిపోయేదాకా వచ్చింది. అందుకే నివేదికలో ఎక్కువ భాగం దానికే కేటాయిస్తున్నాను.

అనంతపురం ప్రాంతం వాళ్లకు గాలి కొత్త కాదు. 1990ల నుంచి రామగిరి కొండల మీద పెద్ద మరలు తిరగడం చూస్తూనే ఉన్నాం. ఆషాఢం వస్తే దండెం మీద ఆరేసిన చీర నిలవదు. ఆ గాలిని నమ్ముకునే మొదటి వీధిలో అయిదు ఇళ్లవారు ఒక్కో కిలోవాట్ మర పెట్టుకున్నారు. రెక్కలు తిరిగే వ్యాసం 10 అడుగులు. మన స్థలాల వెడల్పు 40 అడుగులు కనుక, ఇంటికొకటి చొప్పున 40 అడుగుల ఎడంతో వరసగా నిలిచాయి. ముచ్చటగా ఉందని అందరం మెచ్చుకున్నాం. ఒప్పుకున్న కార్యవర్గంలో నేనూ ఉన్నాను.

జూన్‌లో గాలి ఊపందుకోగానే తేడా బయటపడింది. పడమటి చివర ఇంటి మర రయ్యిమని తిరుగుతుంటే, దాని పక్కది నాలుగు చుట్లు తిరిగి తడబడుతోంది, తల అటూ ఇటూ తిప్పుకుంటోంది. రెండో ఇంటాయన బేరింగు చూపించారు, తీగలు చూపించారు, అన్నీ బాగానే ఉన్నాయి. ఒక సాయంత్రం గేటు దగ్గర, "అన్నా, నీ మర నా గాలిని మింగుతోంది" అన్నారు. "నా ఇంట్లో నేను పెట్టుకుంటే నీకేమిటి తమ్ముడూ?" అని జవాబు వచ్చింది. ఆ తరువాత రెండు నెలలు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

ఆగస్టులో ఒక ఆదివారం మన లెక్కల మాస్టారు ఒక ఉపాయం చెప్పారు. పొడవాటి వెదురు గడకు మూరకొకటి చొప్పున ఎర్ర గుడ్డ పీలికలు కట్టి, మేడ మీద నుంచి మర ఎత్తుకు లేపి చూశాం. మొదటి మరకు ముందు పీలికలన్నీ తూర్పుకు బిగదీసినట్టు సాగాయి. దాని వెనక్కి వచ్చి గడ లేపేసరికి పై పీలికలు మెలికలు తిరిగాయి, క్షణంపాటు వాలిపోయాయి, మళ్లీ ఎగిరాయి. అప్పుడు గడ పట్టుకున్నది మొదటి ఇంటాయనే. చాలాసేపు పైకే చూస్తూ ఉండిపోయి, "తమ్ముడు చెప్పింది నిజమే" అన్నారు. ఈ ఏడాది సంఘం చేసిన పనులన్నిటిలో నాకు బాగా గుర్తుండిపోయేది ఆ ఒక్క మాటే.

గాలిలోని బలాన్ని లాక్కుంటేనే మర కరెంటు ఇస్తుంది. బలం పోయిన గాలి నెమ్మదించి సుడులు తిరుగుతుంది. చుట్టూ ఉన్న మంచి గాలి వచ్చి కలిసేదాకా ఆ నెమ్మదితనం మర వెనక నీడలా సాగుతుంది. పైగా కరెంటు గాలి వేగం ఘనాన్ని, అంటే వేగాన్ని మూడుసార్లు వేసి గుణిస్తే వచ్చేదాన్ని, బట్టి ఉంటుంది. వేగం పదో వంతు తగ్గితే కరెంటు నాలుగో వంతుకు పైగా పడిపోతుంది. సెకనుకు 10 మీటర్ల గాలిలో కిలోవాట్ ఇచ్చే మర, 5 మీటర్ల గాలిలో ఇచ్చేది దాదాపు 125 వాట్లే.

డెన్మార్క్‌కు చెందిన జెన్సన్, మర వెనక గాలి ఎంత నెమ్మదిస్తుందో చెప్పడానికి 1983లో ఇచ్చిన సూత్రంతో మాస్టారు, నేను కూర్చుని లెక్క కట్టాం. 40 అడుగులంటే నాలుగు వ్యాసాలు. అంత దూరంలో సరిగ్గా వెనక ఉన్న మరకు గాలి వేగం అయిదో వంతుకు పైగా తగ్గుతుంది, కరెంటు సగానికి దిగుతుంది. దూరాన్ని 80 అడుగులకు పెంచినా నష్టం 30 శాతం దగ్గర ఉంటుంది. పెద్ద మరల క్షేత్రాల్లో గాలి వీచే దిశలో ఏడు వ్యాసాలు, అడ్డంగా అయిదు వ్యాసాలు వదలడం అందుకే వాడుక అయింది.

మన పొరపాటు దూరంలో కంటే దిశలో ఎక్కువ ఉంది. మొదటి వీధి తూర్పు పడమరలుగా సాగుతుంది, ఆషాఢ గాలి పడమర నుంచి వస్తుంది. వీధి వెంట మరలు పెట్టామంటే ఒకదాని నీడలో ఒకటి పెట్టినట్టే. రెండో వీధి ఉత్తర దక్షిణాలుగా ఉంది. అక్కడి రెండు మరల మధ్య కూడా 40 అడుగులే ఉన్నా, పక్కపక్కన నిలబడి రెండూ చక్కగా తిరుగుతున్నాయి.

ఒక యువ సభ్యుడు కాలిఫోర్నియా ప్రయోగాన్ని గుర్తుచేశాడు. జాన్ దబిరి అనే శాస్త్రవేత్త బృందం నిలువు ఇరుసు మరలను (నిలువు కడ్డీ చుట్టూ బొంగరంలా తిరిగేవాటిని) ఎదురు దిశల్లో తిరిగే జతలుగా దగ్గరగా నిలిపి, అదే నేలలో ఎక్కువ కరెంటు తీయవచ్చని 2011లో చూపింది. మంచి ప్రయోగమే. మనవి ఫ్యానులా గాలికి ఎదురుగా తిరిగే అడ్డ ఇరుసు మరలు కాబట్టి ఆ కొలతలు వీటికి పనికిరావు.

వెనక మరను ముందుదాని కంటే 13 అడుగులు ఎత్తులో పెడితే నీడ తప్పుతుంది కదా అని ఇంకొందరు అడిగారు. లెక్క ప్రకారం తప్పుతుంది. అయితే ఎత్తు పెంచేకొద్దీ స్తంభాన్ని నేలకు లాగి కట్టే స్టే వైర్లకు చోటు కావాలి, పొరపాటున స్తంభం పడితే పక్కింటి మీద పడుతుంది. ఇళ్ల అడ్డు కూడా చూడాలి. చుట్టుపక్కల 500 అడుగుల లోపు ఉన్న అన్నిటి కంటే రెక్కల కింది కొన 30 అడుగులు ఎత్తున ఉండాలన్నది చిన్న మరలకు పాత నియమం. నీళ్ల ట్యాంకుతో కలిపి 20 అడుగులున్న ఇళ్ల నడుమ, రెక్క పొడవు 5 అడుగులు కూడా కలిపితే, స్తంభం 55 అడుగులు ఉండాలి. 40 అడుగుల స్థలంలో అంత స్తంభానికి నేను ఒప్పుకోలేను.

అందుకని కార్యవర్గం తరఫున ఒక ప్రతిపాదన పెడుతున్నాం. రెండో, నాలుగో ఇళ్ల మరలను పడమటి కంచె పక్కనున్న ఉమ్మడి స్థలానికి మార్చాలి. అటువైపు వేరుశనగ చేలు తప్ప అడ్డు లేదు. వాటిని ఉత్తర దక్షిణాలుగా 50 అడుగుల ఎడంలో, ఇప్పుడున్న ఏ మరకూ సూటిలో పడకుండా నిలపాలి. 48 వోల్టుల కరెంటును అంత దూరం లాగాలంటే లావు రాగి తీగ కావాలి, అదే అసలు ఖర్చు. అందులో సగం తాను భరిస్తానని మొదటి ఇంటాయన రాసిచ్చారు. మిగతా సగం సంఘం నిధి నుంచి ఇవ్వాలని కోరుతున్నాను. సొంత మర కళ్ల ముందే ఉండాలన్న రెండో ఇంటివారి కోరికను నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. వారు ఒప్పుకుంటేనే స్తంభం కదులుతుంది.

ఇకపై కొత్త మర పెట్టేవారు పునాది తవ్వకముందే సంఘానికి చెప్పాలి. మనమే వెదురు గడ తెచ్చి చూస్తాం. మరలున్న ఏడు ఇళ్లవారూ తమ మీటరు రీడింగుల పుస్తకాలను సర్వసభ్య సమావేశానికి తీసుకురాగలరు. తీర్మానం నెగ్గితే ఆషాఢం రాకముందే పని ముగించాలి.

ఇట్లు,
కార్యదర్శి