కాంట్రాక్టు కొలువుల లెక్క ముందే చెప్పాలి
అనంతపురం, కడప జాబ్ మేళాల్లో ఐటీ కాంట్రాక్టు కొలువులకు నెలకు ఇంత అని చెప్పి, అందులో ఏవి రావో చెప్పడం లేదు. పర్మినెంటు ఉద్యోగికి బేసిక్‌పై 12 శాతం పీఎఫ్, జీతంతో సెలవులు ఉంటాయి. కాంట్రాక్టుపై కంపెనీకి బిల్లు పెట్టుకుని పనిచేసేవారికి అవేవీ ఉండవు. వృత్తి ఫీజు పేరుతో 10 శాతం టీడీఎస్ (చెల్లింపులోంచి ముందే కోసే పన్ను) పట్టుకుంటే, కట్టాల్సిన పన్ను పోను మిగిలింది రిటర్ను వేశాకే చేతికొస్తుంది. ఏడాది బిల్లులు 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పదు. ప్రాజెక్టు ఆగినా బెంగళూరు గది అద్దె ఆగదు. చేతిలో ఆరు నెలల ఖర్చు ఉన్న అనుభవజ్ఞులకు కాంట్రాక్టు లాభమే గానీ, ఫ్రెషర్లకు కాదు. పేరోల్ ఎవరిది (జీతం ఇచ్చేది ఏ కంపెనీ), పీఎఫ్ ఉందా, నోటీసు ఎన్ని రోజులు, బిల్లు ఎన్నాళ్లకు చెల్లిస్తారు అన్నవి రాతపూర్వకంగా ఇచ్చిన కంపెనీలనే నిర్వాహకులు మేళాలకు అనుమతించాలి.
– ఒక ఐటీ ఉద్యోగి, అనంతపురం