సీసం సంగతి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

వంచగలిగే కాంతి సెన్సర్ల గురించి గత ఆదివారం మీ సైన్స్ పేజీలో వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఆ సెన్సర్లలో కాంతిని పట్టే పెరోవ్‌స్కైట్ అనే పదార్థాన్ని అందులో 'కొత్త లోహం' అన్నారు. అది లోహం కాదు, ఒక రకం స్ఫటిక నిర్మాణానికి పేరు. 1839లో ఉరల్ పర్వతాల్లో దొరికిన ఖనిజానికి పెట్టిన పేరు, అదే అమరిక ఉన్న పదార్థాలన్నిటికీ స్థిరపడింది. అది చిన్న పొరపాటే. నా చేత ఈ ఉత్తరం రాయించింది వేరే సంగతి. ఈ పెరోవ్‌స్కైట్‌లో సీసం (లెడ్) ఉంటుంది, కానీ వ్యాసంలో ఎక్కడా ఆ మాటే లేదు.

పోయిన వర్షాకాలంలో మా మనవరాలికి న్యుమోనియా చేసింది. అప్పటికి దానికి ఎనిమిది నెలలు. ఆసుపత్రిలో ఆక్సిజన్ చూసే క్లిప్పు పెద్దవాళ్ల వేళ్లకు చేసినది. పిల్ల వేలికి పెట్టిన ప్రతిసారీ జారిపోయేది. చివరికి నర్సమ్మ కాలి బొటనవేలికి పెట్టి చేత్తో అదిమి పట్టుకుంది. ఒకసారి 88, తర్వాత ఖాళీ గీతలు, మళ్లీ 94. ఏ అంకె నమ్మాలో తెలియక రాత్రంతా టెన్షన్. ఎర్రగా వెలుగుతున్న ఆ చిట్టి బొటనవేలు ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

ఆ క్లిప్పులో కాంతిని పట్టేది గట్టి సిలికాన్ ముక్క. సిలికాన్ కరగాలంటే 1414 డిగ్రీల వేడి కావాలి. పెరోవ్‌స్కైట్‌ను ద్రావణంగా పూసి 100 డిగ్రీల దగ్గర ఆరబెడితే చాలు కనుక, పలచని ప్లాస్టిక్ మీదే వేయొచ్చు. వెంట్రుక మందంలో వందో వంతు కూడా లేని పొర కంటికి కనిపించే కాంతిని చాలావరకు పట్టేస్తుంది. పిల్ల వేలికి పట్టీలా చుట్టొచ్చు. అందుకే దీని మీద నాకు అంత ఆశ.

అయితే ఇప్పుడున్న ఆక్సిమీటర్‌లో, అంటే ఆ క్లిప్పు యంత్రంలో, దాన్ని అలాగే పెట్టేయొచ్చని మీరు రాసింది సరికాదు. ఆ యంత్రం రెండు కాంతులు వాడుతుంది: 660 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న ఎరుపు, 940 దగ్గర పరారుణం. మామూలు సీసం అయొడైడ్ పెరోవ్‌స్కైట్ దాదాపు 800 దాకానే చూడగలదు. సీసంలో కొంత తీసి తగరం కలిపితే వెయ్యి దాకా వెళ్తుంది కానీ, తగరం గాలి తగిలితే త్వరగా పాడవుతుంది.

ఇక సీసం. పర్లాకిమిడి తెలుగు మీడియం బడిలో ముప్పై ఏళ్లు సైన్స్ చెప్పాను. పదో తరగతి పిల్లల ముందు లెడ్ నైట్రేట్, పొటాషియం అయొడైడ్ ద్రావణాలు కలిపేవాణ్ని. రెండూ మంచినీళ్లలా ఉంటాయి. కలవగానే పరీక్షనాళిక పచ్చటి పసుపైపోతుంది, పిల్లలు ఒక్కసారిగా 'ఓ' అనేవాళ్లు. ఆ మడ్డిని మాత్రం తూములో పోయనిచ్చేవాణ్ని కాదు, విడిగా సీసాలో దాచేవాణ్ని. ఆ పసుపే లెడ్ అయొడైడ్. పెరోవ్‌స్కైట్ తయారీకి అదే ముడిసరుకు. తేమ దూరితే నల్లటి పెరోవ్‌స్కైట్ పొర మళ్లీ ఆ పసుపుగానే విడిపోతుంది. మా గజపతి జిల్లాలో జులైలో ఉప్పు జాడీ మూత తీస్తే ఉప్పు చెమ్మగిల్లి ఉంటుంది. ఇలాంటి గాలిలో ఆ పట్టీ ఎన్నాళ్లు ఆగుతుంది?

ఎనిమిది నెలల పిల్ల కాలి వేలు నోట్లో పెట్టుకుంటుంది. సీసానికి సురక్షితమైన మోతాదంటూ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. పసిపిల్లల మెదడుకు అది మరీ చెరుపు.

ఈ పరిశోధన వద్దనడం లేదు, త్వరగా రావాలనే కోరుకుంటున్నాను. కాబట్టి ఇంకో వ్యాసం వేయండి. పొర మీద తేమ దూరని పూత ఎలా వేస్తున్నారు, వెయ్యిసార్లు వంచాక ఆ పూత చిట్లుతుందా, వాడేసిన పట్టీలను ఎవరు వెనక్కి తీసుకోవాలి, ఇవి అడిగి రాయండి. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. పదో తరగతి పిల్లలకు అర్థమయ్యే తెలుగులో రాస్తే, ఆ కాగితం కత్తిరించి నేనే తీసుకెళ్లి మా బడి నోటీసు బోర్డుకు అంటిస్తాను.

– విశ్రాంత సైన్స్ ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా