సగం కూలిన చర్చిలో ఏం చూడాలి?

సంపాదకుల గారికి,

ఇంగ్లండు యాత్రల గురించి మన పత్రికల్లో వచ్చే వ్యాసాల్లో పల్లెటూరి శిథిల చర్చి ప్రస్తావన రాగానే దయ్యాల కథ ఒకటి వచ్చి కూర్చుంటుంది. మొండిగోడలు, కాకులు, సమాధులు, ఒక ఫొటో, అంతటితో సరి. ఆ గోడను ఎవరు కూల్చారు, పక్క గోడ ఎందుకు నిలిచింది అన్న ముక్క మాత్రం ఉండదు. ఆ జవాబులు చాలావరకు గోడల మీదే దొరుకుతాయి. పిల్లల దగ్గరికి వెళ్ళే తల్లిదండ్రులూ, అక్కడ చదువుకుంటున్నవాళ్ళూ లండన్ చూడటం అయ్యాక ఒక పూట ఇలాంటి చోటికి వెళ్ళాలి. ఏం చూడాలో తెలిసి వెళ్ళాలి. అందుకే ఈ ఉత్తరం.

ఒక్క సంగతి ముందే తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. మధ్యయుగపు పారిష్ చర్చిలో, అంటే ఊరి చర్చిలో, ముఖ్యమైనవి రెండు భాగాలు. పడమర వైపు జనం నిలబడే పొడవాటి హాలు నేవ్. తూర్పు కొసన బలిపీఠం ఉండే భాగం చాన్సెల్. నేవ్ మరమ్మతు ఊరివాళ్ళ బాధ్యత, చాన్సెల్ మరమ్మతు దశమభాగం, అంటే ఊరి పంటలో పదో వంతు, పుచ్చుకునే రెక్టరు (ఆ హక్కున్న మతగురువు లేదా మఠం) బాధ్యత. ఎనిమిదో హెన్రీ రాజు 1530లలో మఠాలను మూయించడం మొదలుపెట్టాక, వాటి చేతుల్లో ఉన్న ఈ హక్కులు చాలాచోట్ల భూస్వాములకు అమ్ముడుపోయాయి. రాబడి తీసుకున్నవాళ్ళంతా కప్పు వేయించలేదు. అందుకని నేవ్ బాగానే ఉండి చాన్సెల్ ఒక్కటే మొండిగోడలైతే మొదట అనుమానించాల్సింది ఈ పంపకాన్నే. ఇదేదో పాతకాలపు గొడవ అనుకోనక్కర్లేదు. వార్విక్‌షైర్‌లోని ఆస్టన్ కాంట్లో చర్చి విషయంలో, ఈ మరమ్మతు బాధ్యత అంటుకున్న భూమి చేతికొచ్చిన దంపతులే చాన్సెల్ బాగుచేయించాలని 2003లో హౌస్ ఆఫ్ లార్డ్స్, అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం, తీర్పు చెప్పింది. 2013 అక్టోబరు 13 తర్వాత, భూముల రిజిస్టరులో నమోదు కాని బాధ్యత డబ్బిచ్చి కొత్తగా కొన్నవాళ్ళను అంటుకోదు. అయినా అక్కడ ఇల్లు కొనేటప్పుడు లాయర్లు ఈ తనిఖీ ఇప్పటికీ చేయిస్తూనే ఉంటారు.

చర్చి సగం కూలడానికి కారణాలు ఇంకా ఉన్నాయి. సఫోక్ తీరంలోని కోవ్‌హైత్‌లో ఊరికి మించిన పెద్ద చర్చి కట్టారు. తర్వాత దాన్ని నిలబెట్టుకునే స్తోమత లేకపోయింది. 1672లో కప్పు తీయించి, ఆ పాత గోడల మధ్యే టవరును ఆనించి, రెల్లుకప్పు వేసిన చిన్న చర్చి కట్టుకున్నారు. ఆకాశం కనిపించే మహా కిటికీల నడుమ గుడిసెంత చర్చి! టవరును ఇప్పుడు చర్చెస్ కన్సర్వేషన్ ట్రస్టు చూసుకుంటోంది. వాడుకలో లేని చర్చిల కోసం 1969లో పుట్టిన ఆ సంస్థ సంరక్షణలో 350కి పైగా చర్చిలున్నాయి. అదే తీరంలో వాల్బర్స్‌విక్ వాళ్ళు 1690లలో చర్చిలో చాలా భాగం విప్పేసి, దక్షిణపు నడవ, అంటే నేవ్ పక్కనే పొడుగునా సాగే సన్నటి భాగం, ఒక్కటీ ఉంచుకున్నారు. హార్ట్‌ఫర్డ్‌షైర్‌లోని అయొట్ సెయింట్ లారెన్స్ కథ వేరు. తన కొత్త భవంతికి చూపు అడ్డొస్తోందని అక్కడి దొర 1775లో చర్చిని కూల్చడం మొదలుపెట్టాడు. బిషప్ ఆపించేసరికి సగమే మిగిలింది.

యార్క్‌షైర్‌లోని వారమ్ పెర్సీలో అయితే ఊరే పోయింది. 1500 ప్రాంతానికి గొర్రెల మేత కోసం ఆఖరి కుటుంబాలను కూడా ఖాళీ చేయించారు. గోడల చదువు మొదలుపెట్టడానికి దీన్ని మించిన చోటు లేదు. నేవ్ పక్కగోడల్లో రాళ్ళతో పూడ్చేసిన కమానులు కనిపిస్తాయి. అంటే ఒకప్పుడు వాటి అవతల నడవలుండేవి. జనం పెరిగినప్పుడు కట్టారు, తగ్గినప్పుడు పడగొట్టి కమానులు మూసేశారు. ప్రవేశం ఉచితం. కారు ఆపిన చోటి నుంచి ముప్పావు మైలు ఎగుడుదిగుడు దారిలో నడవాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళను తీసుకెళ్ళేముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఏ చర్చిలోనైనా ముందు టవరు తూర్పు ముఖం చూడండి. అక్కడ తిరగేసిన వి ఆకారంలో గీత ఉంటే అది పోయిన కప్పు ఆనవాలు. రెండు గీతలుంటే కప్పు ఎత్తు ఒకసారి మారిందన్నమాట. గుండ్రటి కమానులు సాధారణంగా 12వ శతాబ్ది చివరికి ముందువి. ఈటెమొనలాంటి సన్నటి కిటికీలు 13వ శతాబ్దివి. నిలువు రాతికడ్డీలు నేరుగా పైదాకా పోయే వెడల్పాటి కిటికీలు 1350 తర్వాతవి. నేవ్, చాన్సెల్ కలిసేచోట గోడలో ఎత్తున ఎక్కడికీ పోని చిన్న తలుపు కనిపిస్తే దయ్యాల దారి అనుకోకండి. సిలువ నిలిపిన చెక్క అటకకు ఎక్కే మెట్ల తలుపు అది. క్యాథలిక్ పద్ధతులను తీసేసిన 16వ శతాబ్ది మతసంస్కరణ కాలంలో అటకలు పీకేశారు, మెట్లు మిగిలాయి.

దక్షిణ గోడలో, నడుం ఎత్తున, గిన్నెలా తొలిచి అడుగున బెజ్జం పెట్టిన గూడు ఉంటే దాన్ని పిస్కీనా అంటారు. పూజాపాత్రలు కడిగిన నీళ్ళు పవిత్రభూమిలోకే ఇంకాలని ఆ బెజ్జం. గడ్డి మొలిచిన మూలలో పిస్కీనా కనిపించినా, అక్కడ ఒక బలిపీఠం ఉండేదని గట్టిగా చెప్పొచ్చు. అది మోకాలి ఎత్తులోనే ఉందంటే, రాళ్ళూ మట్టీ పేరుకుని కాళ్ళకింద నేల పెరిగి ఉండొచ్చు. దక్షిణ ద్వారం పక్క రాయి మీద అరచేతంత గీతల చక్రం, మధ్యలో పుల్ల గుచ్చిన గుంట ఉంటే అది ప్రార్థన వేళలు చెప్పే నీడగడియారం. అదే చక్రం ఉత్తర గోడలోనో తలకిందులుగానో ఉంటే ఆ రాయిని వేరేచోటి నుంచి తెచ్చి తిరిగి వాడారని అర్థం. టార్చిని గోడకు ఎదురుగా వేస్తే ఏమీ కనపడదు. గోడకు ఆనించి పక్కనుంచి వెలుతురు పారించండి, వృత్తలేఖినితో గీసిన ఆరు రేకుల పువ్వులు బయటపడతాయి.

ఇక జాగ్రత్తలు. ఈ గోడలు లోపలిదాకా గట్టిరాయి కావు. అటూ ఇటూ రాళ్ళ వరసలు, నడుమ రాళ్ళముక్కలు, సున్నం. కప్పు పోయాక వాన గోడ నెత్తిన దిగి నడుమకు చేరుతుంది. మంచుకు గడ్డకట్టి ఉబ్బి పై వరసను బయటికి నెడుతుంది. అందుకే గడ్డకట్టిన రాత్రి తర్వాత ఎండ కాసిన ఉదయం కమాను కింద నిలబడకూడదు. వెనకటి రోజుల్లో సిమెంటు పూసిన చోట లోపలి తేమ బయటికి రాలేక మెత్తటి రాయి పొరలు పొరలుగా రాలుతుంది. గోడ నెత్తిన గడ్డి చూసి నిర్లక్ష్యం అనుకోకండి, వాన, మంచు తగలకుండా కావాలనే పచ్చిక పరచిన చోట్లున్నాయి. ఐవీ తీగను మాత్రం లాగొద్దు. దాని వేళ్ళు సందుల్లో లావెక్కి ఉంటాయి, లాగితే సున్నంతో సహా ఊడొస్తుంది. చాలా శిథిలాలు 1979 నాటి ప్రాచీన కట్టడాల చట్టం కింద రక్షిత కట్టడాలు. అలాంటిచోట రాయి కదిలించినా, అనుమతి లేకుండా మెటల్ డిటెక్టర్ తిప్పినా నేరమే.

వెళ్ళడానికి ఆకు రాలిన నవంబరు నుంచి మార్చి మేలు. డిసెంబరులో నాలుగింటికే చీకటి పడుతుంది, పొద్దున్నే బయల్దేరండి. వేసవిలో సమాధుల మధ్య నడుమెత్తు నెటిల్ మొక్కలుంటాయి, తగిలితే దూలగొండి రాసుకున్నట్టే. పొడుగు గడ్డిలో పిడుదులుంటాయి, అవి కుడితే లైమ్ అనే జబ్బు రావచ్చు. నిండుగా ప్యాంటు వేసుకుని, ఇంటికొచ్చాక కాళ్ళు చూసుకోవాలి. అక్కడి సర్వే సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వేసే ఎక్స్‌ప్లోరర్ పటంలో ముక్కలు ముక్కలుగా ఉండే పచ్చటి గీతలు జనం నడిచే హక్కున్న దారులు, పొలం మధ్య నుంచి పోయినా సంకోచించక్కర్లేదు. మీరు తెరిచిన గేటును వెంటనే వేసేయాలి, గొర్రెలుంటాయి. కోవ్‌హైత్‌లో చర్చి దాటాక రోడ్డు ఇసుక కొండచరియ దగ్గర తెగిపోతుంది, అది ఏటా సముద్రంలోకి విరిగిపడుతోంది. అంచుకు వెళ్ళొద్దు.

కప్పున్న భాగం తాళం వేసి ఉంటే వసారాలో చీటీ చూడండి, తాళంచెవి ఏ ఇంట్లో దొరుకుతుందో రాసి ఉంటుంది. తలుపు బిగుసుకుందని తోసేయకుండా ఇనుప కడియం తిప్పి చూడండి. వసారాకు వలతలుపు ఉంటే వస్తూ వస్తూ అది వేసి గడియ పెట్టండి. తెరిచి వదిలేస్తే పిచ్చుకలు లోపలికి వెళ్ళి, బయటపడలేక, నీటిచుక్క దొరక్క కిటికీల కింద చచ్చిపడి ఉంటాయి.

భవదీయుడు,
ఒక పాఠకుడు