గోడల రంగులకు అద్దెదారు అడ్వాన్సా?

సంపాదకులకు,

నెల్లూరు దర్గామిట్టలో స్వర్ణాల చెరువుకు ఎదురుగా ఉన్న ఒక అపార్ట్‌మెంటులో మేము మూడేళ్లు అద్దెకు ఉన్నాం. గత నెల ఖాళీ చేశాం. నెలకు 14,000 చొప్పున మూడు నెలల అద్దె, అంటే 42,000 రూపాయలు, చేరేటప్పుడే అడ్వాన్సుగా ఇచ్చాం. తిరిగి చేతికి వచ్చింది 19,000. మిగతాది రంగులకూ, ఇల్లు కడిగించడానికీ సరిపోయిందని ఇంటి యజమాని అన్నారు. లెక్క అడిగితే నోటిమాటే తప్ప ఒక్క చీటీ చూపించలేదు. ఇది మా ఒక్క ఇంటి గోడు అయితే మీకు రాసేదాన్ని కాదు. మా పై అంతస్తు నుంచి నిరుడు వెళ్లిపోయిన కుటుంబానికీ ఇదే జరిగింది.

ఇల్లు చూడటానికి వెళ్లిన సాయంత్రం నాకు బాగా గుర్తుంది. బాల్కనీ తలుపు తీయగానే చెరువు గాలి ముఖానికి తగిలింది. ప్రభుత్వాసుపత్రి, బజారు, పిల్లల బడి అన్నీ దగ్గరే. లోపలి వీధుల కంటే అద్దె ఎక్కువైనా ఇష్టపడే ఒప్పుకున్నాం. మొహర్రం నెలలో రొట్టెల పండుగకు లక్షల మంది బారాషహీద్ దర్గాకు వస్తారు. సొంతిల్లు కావాలని కోరుకుంటూ అందుకునే సొంతింటి రొట్టె కోసం పిల్లల్ని చంకనేసుకుని చెరువు నీళ్లలో నిలబడిన తల్లులను పైనుంచి చూసినప్పుడల్లా, వీళ్లలో ఎందరు మాలాగే ఇళ్లు మారి మారి అలసిపోయారో అనిపించేది. అడ్వాన్సు నగదుగా ఇచ్చి, రసీదు అడగడానికి మొహమాటపడ్డాం. పొరపాటు అక్కడే జరిగింది.

ఇల్లు తీసుకున్న స్థితిలోనే అప్పగించాలని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షన్ అద్దెదారుకు చెబుతుంది. అయితే వాడకంలో సహజంగా వచ్చే అరుగుదలను అదే సెక్షన్ మినహాయించింది. వేరే షరతు రాసుకుంటే అది వేరే సంగతి. మా 11 నెలల ఒప్పందంలో రంగుల ప్రస్తావనే లేదు, ఆ గడువు దాటాక కొత్త కాగితమూ రాసుకోలేదు. మూడేళ్లకు రంగు వెలిసిపోవడం, చెరువు తేమకు బాల్కనీ గోడ ఉబ్బడం అరుగుదల కాక మరేమిటి? మేము సింకు పగలగొట్టి ఉంటే, తలుపు విరగ్గొట్టి ఉంటే ఆ డబ్బు మేమే కట్టాలి. తర్వాత వచ్చేవారి కోసం వేసే రంగు ఖర్చు మా నెత్తిన వేయడం మాత్రం అన్యాయం.

కరెంటు బిల్లు ఎగ్గొట్టి, తాళంచెవి వాచ్‌మన్ చేతిలో పెట్టి వెళ్లిపోయిన అద్దెదారులూ నాకు తెలుసు. ఆ అద్దె మీదే బతికే పెద్దవాళ్లు ఎంత నష్టపోతారో కూడా తెలుసు. అందుకే అడ్వాన్సే వద్దని నేను అనను. రాష్ట్రాలకు మాదిరిగా కేంద్రం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం ప్రకారం నివాస గృహాలకు అది రెండు నెలల అద్దెను మించకూడదు. అద్దె తగాదాలు వినడానికి డిప్యూటీ కలెక్టరు స్థాయికి తగ్గని అధికారి ఉండాలని కూడా అందులో ఉంది. అలాంటి అధికారి అందుబాటులో ఉంటే మాలాంటివాళ్లు ధైర్యంగా అడుగుతారు. 23,000 కోసం కోర్టుకు వెళితే ప్లీడరు ఫీజుకే అంత అవుతుంది, అందుకే చాలామంది నోరు మూసుకుని వెళ్లిపోతున్నారు.

జిల్లా కలెక్టరు గారికీ, నగరపాలక సంస్థకూ నా విన్నపం ఇది. అడ్వాన్సు తీసుకుంటే రసీదు, అందులో కోత పెడితే బిల్లు ఇచ్చి తీరాలని ప్రకటించండి. ఫిర్యాదును వార్డు సచివాలయంలోనే తీసుకునే ఏర్పాటు చేయండి. బడులు తెరిచే జూన్‌కు ముందు ఊళ్లో ఇళ్లు మారే కుటుంబాలు ఎక్కువ. ఆలోపే ఇది జరగాలి.

ఇట్లు,
ఒక అద్దెదారు,
బాలాజీనగర్, నెల్లూరు