డప్పు గొడవకి కార్క్ నుంచి జవాబు

ఒరే మామా,

నీ వాయిస్ మెసేజ్ వచ్చి వారమైంది. పదకొండు నిమిషాలు ఊపిరి తీసుకోకుండా తిట్టావు. డప్పుని తీసుకెళ్ళి ఏసీ హాల్లో స్టేజీ మీద పెడితే అది చచ్చిపోతుందనీ, మిగిలేది టిక్కెట్టేననీ నీ వాదన. ఫోన్లో అయితే నన్ను మాట్లాడనివ్వవు, అందుకే రాస్తున్నా. టీ పెట్టుకుని కూర్చో.

నేనుంటున్న ఈ ఐర్లాండ్ ఊరు కార్క్‌లోనే 1931లో షాన్ ఓ రియాడ అనే సంగీతకారుడు పుట్టాడు. మొదట జాన్ రీడీ, తర్వాత పేరు కూడా ఐరిష్‌లోకి మార్చుకున్నాడు. చదివింది పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం. ప్యారిస్ వెళ్ళొచ్చి, డబ్లిన్ అబ్బే థియేటర్‌లో సంగీత దర్శకుడిగా చేశాడు. పల్లె పాట ఊసెత్తితే మూతి విరిచే బ్యాచ్‌లో కలిసిపోవాల్సిన మనిషన్నమాట.

1959లో 'మిషె ఏర' అనే డాక్యుమెంటరీకి సంగీతం చేశాడు. బ్రిటిష్ పాలన మీద తిరగబడ్డ రోజుల నాటి పాత ఫిల్మ్ ముక్కలు ఏరి అతికించిన సినిమా, వ్యాఖ్యానమంతా ఐరిష్‌లో. 'రోషీన్ డూ' అనే పాత పాట వరసని తీసుకుని ఏకంగా పెద్ద ఆర్కెస్ట్రా చేతిలో పెట్టాడు. వింటే ఒళ్ళు జలదరిస్తుంది, అబద్ధం చెప్పను. దేశమంతా ఊగిపోయింది.

ఇంతవరకూ వింటే, పల్లె పాటని ఆర్కెస్ట్రా మింగేసిందని, నువ్వే గెలిచావనుకుంటావు. ఆగు.

ఆ పేరుతోనే బతికేయొచ్చు కదా? బతకలేదు. ఆర్కెస్ట్రాని పక్కనబెట్టి, 1960 ప్రాంతంలో సంప్రదాయ వాయిద్యకారుల్ని పోగేసి 'క్యోల్తోరి హూలన్' అనే బృందం కట్టాడు. అప్పట్లో ఈ సంగీతమంటే కేయ్‌లీ బ్యాండ్లే. డాన్సు కోసం అందరూ కలిసి ఒకే వరసని మొదటి నుంచి చివరిదాకా బాదెయ్యడమే. బోర్లించిన జామ్ సీసాలో ఈగ రొద చేసినట్టుందని ఈయన వెక్కిరించాడు. పాపం, ఆ బ్యాండ్లే లేకపోతే ఆ వరసలు అప్పటిదాకా ఎవరికి గుర్తుండేవి? ఆ మాట నాకు నచ్చలేదు.

కానీ చేసిన పని చూడు. పైప్స్, అంటే గాలి తిత్తితో ఊదే వాయిద్యం, ఒక్కటే ఎత్తుకుంటుంది. కాసేపటికి ఫిడేలు వచ్చి చేరుతుంది. ఒకరు వాయిస్తుంటే మిగతావాళ్ళు ఊరుకుంటారు. ఆ ఊరుకోవడమే కొత్త. ఎవరి చెయ్యి ఎలాంటిదో జనానికి అప్పుడు వినపడింది. కాళ్ళకోసం పుట్టిన సంగీతాన్ని చెవులకోసం కూర్చోబెట్టాడు.

ఇప్పుడు నీ డప్పు దగ్గరికొస్తా. ఇక్కడ బౌరాన్ అని ఒక వాయిద్యం ఉంది. గుండ్రటి చెక్క చట్రం, ఒకవైపే మేకతోలు. మొన్న పబ్‌లో ఒకాయన పక్కనే కూర్చుని చూశా. ఎడమ చెయ్యి లోపలినుంచి తోలుని నొక్కుతూ స్వరం మారుస్తోంది, కుడిచేతిలో జానెడు కర్ర రెండు కొసలతోనూ ఆడుతోంది. చలికి తోలు సడలితే పాతకాలంలో నిప్పు దగ్గర కాచేవాళ్ళట! విని నవ్వాగలేదు, మనవాళ్ళు గడ్డి మంటేసి డప్పు కాచడం గుర్తొచ్చింది. క్రిస్మస్ మర్నాడు వేషాలేసుకుని ఇంటింటికీ తిరిగే కుర్రాళ్ళ చేతిలో తప్ప బౌరాన్‌కి పెద్దగా పనుండేది కాదు. దాన్ని స్టేజీ ఎక్కించింది ఓ రియాడానే. ఇవాళ పబ్బుల్లో అందరూ కలిసి వాయించుకునే ఏ సెషన్‌కి వెళ్ళినా ఎవరో ఒకరి ఒళ్ళో ఉంటుంది. చచ్చిపోయిందా చెప్పు?

అన్నీ ఒప్పే చేశాడని అనను. అంతరించిపోయిన లోహపు తీగల హార్ప్‌కి బదులని, పియానోలా మెట్లున్న హార్ప్సికార్డ్ తనే వాయించేవాడు. నాకైతే పెళ్ళి పందిట్లోకి కోటు తొడుక్కుని వచ్చిన పెద్దమనిషిలా అనిపిస్తుంది. ఇంకోటి, 1962లో రేడియోలో ఈ సంగీతం మీద వరసగా ప్రసంగాలు చేశాడు. మాది యూరప్ సంగీతానికి దూరం, తూర్పు దేశాల సంగీతానికే దగ్గర అన్నాడు. షాన్ నోస్ అనే పాట పద్ధతి విను, పక్కవాయిద్యం ఉండదు, ఒక్క గొంతే, చరణం చరణానికీ సంగతి మారుతుంది. కొట్టిపారేయలేం.

క్యోల్తోరి హూలన్‌లోంచే పాడీ మొలోనీ అనే ఆయన 'చీఫ్‌టెన్స్' అనే బృందం కట్టి ప్రపంచమంతా తిరిగాడు. ఓ రియాడ మాత్రం 1963లో పెళ్ళాంబిడ్డలతో కూలే అనే ఐరిష్ మాట్లాడే పల్లెకి మకాం మార్చాడు. కార్క్ యూనివర్సిటీలో పాఠాలు చెబుతూ, ఆ ఊరి మగవాళ్ళతో చర్చిలో గాయక బృందం పెట్టాడు. ఊరి పాటల వరసల బాణీలోనే ప్రార్థనలకి సంగీతం కట్టాడు. 1971లో పోయాడు. అప్పటికి వయసు నలభయ్యేళ్ళేరా. తర్వాత ఆ గాయకుల్ని నడిపింది ఆయన కొడుకు.

నీ కోపం హాలు మీదో, డప్పులోళ్ళని పిలవకుండా డప్పుని మాత్రం పిలిచినవాళ్ళ మీదో తేల్చుకో. రెండోదైతే నేనూ నీ వైపే.

పండక్కి వస్తున్నా, ఒక బౌరాన్ తెస్తా. మీ వీధి చివరి పెద్దాయన చేతికిచ్చి చూద్దాం. ముందు ఆ జానెడు కర్ర చూసి తిడతాడనుకుంటా.

నీ
మామ